ఇంట్లోకి మురుగు కంపు వస్తోందా? టైల్స్ పగలగొట్టే ముందు ఈ పనులు చేయండి

సంక్రాంతికి నాలుగు రోజుల ముందు మా మేనత్త పాలకొల్లు దగ్గర వాళ్ళ ఊళ్ళో ఇల్లు తాళం తీశారు. ఏడాదిలో ఎక్కువ కాలం ఆవిడ హైదరాబాదులో కొడుకు దగ్గరే ఉంటారు, పండక్కీ కోతలప్పుడూ మాత్రం వస్తారు. తలుపు తీయగానే గుప్పుమని మురుగు కంపు. ఆ రోజు ఒక సీసా ఫినాయిల్ పోశారు, మర్నాడు ఇంకోటి, మూడో రోజు మేస్త్రీని పిలిస్తే ఆయన బాత్‌రూమ్ గుమ్మంలో నిలబడే "కింద పైపు పగిలిందండి, టైల్స్ లేపాలి, నలభై వేల దాకా అవుద్ది" అని తేల్చేశాడు. కూతుళ్ళు, అల్లుళ్ళు దిగే ఇంట్లో పండగ ముందు గడ్డపార వేయిస్తే ఎలా ఉంటుంది? ఫోన్‌లో అత్తయ్య గొంతు వింటేనే నాకు టెన్షన్ వచ్చింది. నేను వెళ్ళి ఒక బకెట్టు, టార్చిలైటు, కొబ్బరి చీపురు పుల్ల ఒకటి, అగరబత్తులు పట్టుకుని పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఇల్లంతా వెతికితే తప్పు మూడు చోట్ల దొరికింది. ఒక్క టైలు కూడా పగలగొట్టలేదు.

అమలాపురం, రాజోలు, భీమవరం, నరసాపురం, ఏ వైపు చుట్టాలింటికి వెళ్ళినా ఈ బాధ వింటూనే ఉంటాను. డబ్బు ఫినాయిల్ మీదా టైల్స్ మీదా పోతుంది, అసలు తప్పేమో చాలాసార్లు రెండంగుళాల నీళ్ళ దగ్గర ఉంటుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఆ రెండంగుళాల నీళ్ళు

సెప్టిక్ ట్యాంకులో, మురుగు పైపుల్లో గ్యాసు పుడుతూనే ఉంటుంది. గాలి ఆడని చోట మలం, కొవ్వు, అన్నం మెతుకులు కుళ్ళితే హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్, అమ్మోనియా లాంటివి వస్తాయి. కుళ్ళిన కోడిగుడ్డు కంపు హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. మీథేన్‌కి వాసన లేదు గానీ నిప్పు తగిలితే అంటుకుంటుంది. ఈ గ్యాసు పుట్టకుండా ఎవరూ ఆపలేరు, ఆపాల్సిన పనీ లేదు, అది గదుల్లోకి రాకుండా డాబా మీద నుంచి గాల్లో కలిసిపోయేలా చూసుకుంటే చాలు.

గదిలోకి రాకుండా ఆపేదాన్ని ట్రాప్ అంటారు. పైపుకి ఒక వంపు ఇస్తే ఆ వంపులో ఎప్పుడూ కొన్ని నీళ్ళు నిలబడి ఉంటాయి. మనం పోసిన నీళ్ళు కిందికి పోతాయి, కింద నుంచి గ్యాసు మాత్రం ఆ నీళ్ళు దాటి పైకి రాలేదు. 1775లో లండన్‌లో గడియారాలు చేసే అలెగ్జాండర్ కమ్మింగ్ మరుగుదొడ్డి కింద ఇలాంటి వంపు పెట్టి పేటెంటు తీసుకున్నాడు, ఇప్పటికీ మన ఇళ్ళల్లో కంపు ఆపుతున్నది ఆ కిటుకే. గ్యాసుని అడ్డుకునే ఆ నీళ్ళ లోతు, దీన్నే సీలు అంటారు, కనీసం 50 మిల్లీమీటర్లు, అంటే రెండంగుళాలు ఉండాలి.

కాబట్టి కంపు వస్తోందంటే కారణం మూడింట్లో ఒకటి. ట్రాప్‌లో నీళ్ళు లేకపోవాలి, లేదా గ్యాసు ట్రాప్ జోలికి పోకుండా పక్క సందులోంచి వస్తుండాలి, లేదా పైకి పోయే దారి మూసుకుపోయి ఆ నీళ్ళనే తోసుకుని వస్తుండాలి. ఫినాయిల్ ఈ మూడింట్లో దేన్నీ బాగుచేయదు. ఎండిన ట్రాప్‌లో ఫినాయిల్ నీళ్ళు పోసినప్పుడు ఒక పూట కంపు తగ్గితే అది నీళ్ళ గొప్పతనం.

ముందు ముక్కుతో, తర్వాత చీపురు పుల్లతో

కంపులో కాసేపు ఉంటే మన ముక్కు అలవాటు పడిపోతుంది. అందుకని రాత్రి కిటికీలు, ప్రతి గది తలుపూ మూసి, ఎగ్జాస్ట్ ఫ్యానూ వంటింటి చిమ్నీ ఆపేసి పడుకోండి. పొద్దున్నే బయట ఒక పది నిమిషాలు తిరిగొచ్చి, ఒక్కో గది తలుపు తీసి ఆ క్షణంలో వచ్చే వాసన చూడండి. పక్కింటి పిన్నిగారిని పిలిచి చూపించినా మంచిదే, ఆవిడ ముక్కుకి మీ ఇంటి వాసన అలవాటు ఉండదు. ఇప్పుడు కిటికీలు మూసి ఉండగానే ఎగ్జాస్ట్ ఫ్యాను వేయండి. కంపు పెరిగిందంటే ఫ్యాను గదిలో గాలిని బయటికి లాగుతుంటే దానికి బదులు గాలి తూములోంచి వస్తోందన్నమాట. ఇది చాలామంది గమనించరు, కంపు వస్తోందని ఇంకా గట్టిగా ఫ్యాను వేస్తారు.

ఎప్పుడు వస్తోందో కూడా రెండు మూడు రోజులు గుర్తుపెట్టుకోండి. పైఅంతస్తులో ఫ్లష్ చేసినప్పుడే వస్తే ట్రాప్ నీళ్ళు లాగేస్తున్నట్టు. వానాకాలంలోనే వస్తే సెప్టిక్ ట్యాంకు వైపు చూడాలి. ఇల్లు మూసి వచ్చాకే వస్తే ఎండిపోయినట్టు. రోజంతా ఒకేలా వస్తుంటే ఎక్కడో సందు ఉంది.

తర్వాత తూము జాలీ ఎత్తి టార్చి వేయండి. నీళ్ళు మెరుస్తూ కనిపించాలి. మెరిసినా సరిపోదు, లోతు చూడాలి. కొబ్బరి ఈనె చీపురు పుల్ల ఒకటి తీసి నిలువుగా అడుగుదాకా దింపి పైకి తీస్తే తడి ఎంతవరకు ఉందో తెలుస్తుంది, దాన్ని స్కేలు పక్కన పెట్టండి. వంపు అడుగు నుంచి నీటి పైమట్టం దాకా వచ్చే ఈ కొలత, అసలు సీలు లోతు కంటే కాస్త ఎక్కువే ఉంటుంది, అందుకని పుల్ల మీద తడి రెండంగుళాలకి తగ్గితే మాత్రం అనుమానమే అక్కర్లేదు, అది చాలదు. అత్తయ్య వాళ్ళ పెరటి వైపు బాత్‌రూమ్‌లో పుల్ల పూర్తి పొడిగా పైకి వచ్చింది, చివర్న కాస్త మట్టి అంటుకుని.

పొడిగా ఉంటే ఒక బకెట్టు నీళ్ళు నెమ్మదిగా పోసి, పుల్ల మీద తడి ఎక్కడుందో గోటితో గీత పెట్టుకోండి. అందులో కొంచెం బట్టల నీలిమందు కలిపి ఆ తూము ఒక రాత్రంతా వాడకండి. పొద్దునకి మట్టం అలాగే ఉంటే ట్రాప్ బాగుంది, నీళ్ళు లేకే కంపు వచ్చింది. మట్టం దిగితే ట్రాప్ చిట్లి ఉండాలి, లేదా ఏదో లాగేస్తుండాలి. ఇక్కడ ఒక చిన్న విషయం చెప్పాలి. జుట్టు చిక్కు, గుడ్డ పీలిక, గిన్నెలు తోమే కొబ్బరి పీచు ఒక పోగు ట్రాప్ గట్టు మీద అటూ ఇటూ వేలాడుతుంటే, దీపంలో వత్తి నూనె పీల్చినట్టు అది నీళ్ళని పీల్చి అవతలికి చుక్క చుక్కగా దింపేస్తుంది. దాన్ని కొక్కెంతో లాగి పారేస్తే చాలు.

చివరగా అగరబత్తి. ఫ్యాన్లు ఆపి, వెలిగించిన అగరబత్తిని జాలీ దగ్గర, సింకు కింద పైపు గోడలోకి వెళ్ళే చోట, కమోడ్ అడుగు చుట్టూ కదలకుండా పట్టుకోండి. పొగ నిటారుగా లేస్తే సరే, ఒక పక్కకి తోసినట్టు చెదిరితే అక్కడ గాలి వస్తోంది. ఇది గది లోపల మాత్రమే చేయండి. కుళ్ళు కంపు ఘాటుగా ఉన్న గదిలోనూ, పెరట్లో మురుగు పైపులు కలిసే గొయ్యి (చాంబరు) మూతల దగ్గర, సెప్టిక్ ట్యాంకు దగ్గర నిప్పు అస్సలు వద్దు.

ఇంత చేసినా దొరక్కపోతే పుదీనా నూనె పద్ధతి ఉంది. డాబా మీద మురుగు గ్యాసు బయటికి పోయే పైపులో (గ్యాసు పైపు అంటారు) రెండు మూడు చెంచాల పుదీనా నూనె పోసి వెంటనే ఒక చెంబుడు వేడి నీళ్ళు పోసి, పైపు మూతి తడిగుడ్డతో మూసేయండి. ఇంట్లో ఉన్నవాళ్ళకి పుదీనా వాసన ఏ గదిలో, ఏ మూల వస్తే లీకు అక్కడ. పోసినవాళ్ళు కాసేపు ఇంట్లోకి రాకూడదు, వాళ్ళ చేతికున్న వాసనే ఇల్లంతా తిరిగి పరీక్ష పాడవుతుంది. అయిపోయాక గుడ్డ తీయడం మర్చిపోకండి.

తూము దగ్గర బాగుచేయడం

పాత బాత్‌రూముల్లో ఉండే నహానీ ట్రాప్‌లో జాలీ కింద బోర్లించిన చిన్న గిన్నె ఒకటి ఉంటుంది. నీళ్ళు ఆ గిన్నె అంచు కింద నుంచి చుట్టి పోతాయి, ఆ అంచు నీళ్ళలో మునిగి ఉంటేనే గ్యాసు ఆగుతుంది. జుట్టు అడ్డుపడి నీళ్ళు నిలుస్తున్నాయని పనివాళ్ళో మనమో ఆ గిన్నె తీసి పక్కన పడేస్తాం, నీళ్ళు బ్రహ్మాండంగా పోతాయి, ఆ రోజు నుంచి కంపు మొదలు. మీ తూములో గిన్నె ఉందో లేదో ఇప్పుడే చూడండి. లేకపోతే పాత జాలీని శానిటరీ షాపుకి తీసుకెళ్ళి దానికి సరిపోయే గిన్నె తెచ్చి పెట్టండి, దొరక్కపోతే సిలికాన్ మూతతో వచ్చే యాంటీ స్మెల్ ట్రాప్ తెచ్చి ఆ రంధ్రంలో దింపవచ్చు. నీళ్ళు పడితే దాని మూత తెరుచుకుంటుంది, ఆగితే మూసుకుంటుంది. అరుదుగా వాడే గదికి అది బాగా పనికొస్తుంది, రోజూ నలుగురు స్నానం చేసే చోట మాత్రం జుట్టు ఇరుక్కుని మూత తెరిచే ఉండిపోతుంది కాబట్టి వారానికోసారి తీసి కడగాలి.

జాలీ చుట్టూ టైలు అంచున వైట్ సిమెంటు రాలిపోయిందా చూడండి. బాత్‌రూములు తోమడానికి వాడే యాసిడ్ సిమెంటుని తినేస్తుంది. రాలిన చోటంతా గోకి, తడి లేకుండా ఆరనిచ్చి, సిలికాన్ గమ్ నింపి ఒక రోజు నీళ్ళు తగలనివ్వకండి. యాసిడ్, బ్లీచింగ్ పౌడరు రెండూ కలిపి మాత్రం పోయకండి, క్లోరిన్ గ్యాసు వస్తుంది, మూసిన బాత్‌రూమ్‌లో అది ప్రాణం మీదికి తెస్తుంది.

సింకు కింద ముడతల పైపు

నా దృష్టిలో మన ఇళ్ళల్లో కంపుకి పెద్ద దారి ఇదే. వంటింటి సింకుకీ వాష్ బేసిన్‌కీ కింద తెల్లటి ముడతల పైపు ఒకటి తగిలించి, రెండో కొసని గోడలోనో నేలలోనో ఉన్న పైపులోకి ఊరికే దోపేస్తారు. ముడతల పైపు లావు అంగుళంపావు, అది దూరిన పైపు రెండంగుళాలు. చుట్టూ మిగిలిన సందు తెరిచిన కిటికీ లాంటిది. అత్తయ్య వాళ్ళ వంటింట్లో సింకు కింద తలుపు తీసి అగరబత్తి పెడితే పొగ వెనక్కి కొట్టింది. అక్కడే బియ్యం డబ్బా, పప్పు డబ్బాలు పెట్టుకుంటున్నారు పాపం.

సింకు కింది సామాను తీసేసి ముడతల పైపుని బయటికి లాగండి, బకెట్టు దగ్గర పెట్టుకోండి, నల్లటి జిగురు కారుతుంది. పైపు పాతదైతే ముడతల్లో పేరుకున్న కొవ్వు పోదు, కొత్తది వేయడమే మేలు. సింకు కింద ట్రాప్ లేకపోతే బాటిల్ ట్రాప్ (సీసా ఆకారంలో ఉండేది) గానీ పీ ట్రాప్ (P అక్షరంలా వంగిన పైపు) గానీ పెట్టించండి. వంటింటికి పీ ట్రాప్ మంచిదని నా అభిప్రాయం, చేప పొలుసూ రొయ్య పొట్టూ గంజీ దిగే మన వంటిళ్ళల్లో బాటిల్ ట్రాప్ త్వరగా పూడుకుపోతుంది. ట్రాప్ తర్వాత పైపు గోడలోకి దూరే చోట ఆ సైజు రబ్బరు అడాప్టరు పెడితే సందు లేకుండా బిగుసుకుంటుంది. అది దొరక్కపోతే సందులో ఎం-సీల్ కలిపి నొక్కేయొచ్చు, కాకపోతే మళ్ళీ ఎప్పుడైనా పైపు తీయాలంటే చెక్కి తీయాలి. అన్నీ బిగించాక సింకు నిండా నీళ్ళు పట్టి ఒక్కసారిగా వదలండి, కింద ప్రతి జాయింటునీ పొడి కాగితంతో తుడిచి చూడండి, కాగితం తడిస్తే ఇంకొంచెం బిగించాలి.

మరిగే గంజి నేరుగా సింకులో వార్చకండి. పీవీసీ పైపు అంత వేడికి మెత్తబడి వంగుతుంది, చల్లారిన గంజేమో లోపల పూతలా అంటుకుంటుంది. పెరట్లో కుడితి తొట్టి ఉన్న ఇళ్ళల్లో ఈ బాధే లేదు.

ట్రాప్ బాగున్నా వాష్ బేసిన్ దగ్గర కంపు వస్తుంటే, బేసిన్ పైఅంచు కింద ఉండే చిన్న రంధ్రం చూడండి. లోపల నాచు పట్టి ఉంటుంది, సన్న బ్రష్షుతో సబ్బునీళ్ళు పోసి రుద్దితే పోతుంది.

వాషింగ్ మెషీన్ పైపుకీ సింకు మాటే వర్తిస్తుంది. ఏసీ నీళ్ళ పైపుని మాత్రం మురుగు పైపులో కలిపి ఉంటే వెంటనే విడదీయించి పెరట్లోకి వదలండి. ఏసీ వాడని నెలల్లో ఆ సన్న పైపులో నీళ్ళుండవు, గ్యాసు నేరుగా పడకగదిలోకి వస్తుంది, జనం ఏసీ సర్వీసింగులు చేయిస్తూ ఉంటారు.

కమోడ్ కింద జాయింటుకి కూడా చాలాచోట్ల వైట్ సిమెంటే పూస్తారు, మనిషి కూర్చుని లేచే కదలికకి అది పగులుతుంది. అగరబత్తి పొగ అక్కడ చెదిరితే ప్లంబరుని పిలిచి కమోడ్‌ని పైపుకి కలిపే రబ్బరు పాన్ కనెక్టర్ వేయించండి, కమోడ్ కదలకుండా స్క్రూలు బిగించమనండి.

డాబా మీద పైపు

ఫ్లష్ చేసినప్పుడు పక్క తూము గుడగుడమంటోందా? అయితే పైకి ఎక్కండి. నాలుగంగుళాల పైపు నిండుగా నీళ్ళు కిందికి దిగుతుంటే వెనక గాలి కావాలి, పైన గ్యాసు పైపు తెరిచి ఉంటే అక్కడి నుంచి గాలి తీసుకుంటుంది, లేకపోతే మీ ట్రాప్‌లోని నీళ్ళనే లాక్కుంటుంది. అత్తయ్య వాళ్ళింట్లో మూడో తప్పు ఇక్కడ దొరికింది. డాబా మీద ధాన్యం బస్తాల కోసం రేకుల షెడ్డు వేయించినప్పుడు, అడ్డొస్తోందని ఆ పైపుని కోసి మూత బిగించేశారు.

పైపు మూతికి ఆకులు, పక్షి గూడు, తేనెపట్టు ఏదీ లేకుండా చూడండి. పైన కౌల్ (గాలి ఆడే టోపీ లాంటి మూత), దోమలు రాకుండా వల ఉండాలి. సముద్రానికి దగ్గరగా అంతర్వేది, నరసాపురం వైపు ఇనప వల తుప్పు పట్టి ఆ తుప్పుతోనే మూసుకుపోతుంది, నైలాన్ వల కట్టండి. పైపు షెడ్డు లోపల ఆగిపోకూడదు, మనిషి ఎత్తు దాటి, కిటికీలకీ నీళ్ళ ట్యాంకు మూతకీ దూరంగా లేవాలి. అక్కడ మేము మూత తీసి, బెండు వేసి రేకుల బయటికి పైపు పెంచాం, గుడగుడ ఆ పూటే ఆగింది.

పైపులు కొనేటప్పుడు ఒక మాట. మురుగుకీ వాననీటికీ వాడే ఎస్‌డబ్ల్యూఆర్ పైపుల్లో భారత ప్రమాణం ఐఎస్ 13592 ప్రకారం 'ఏ' (A) రకం, 'బీ' (B) రకం అని ఉంటాయి. గాలికీ వాననీటికీ 'ఏ' (A) రకం చాలు, మలం, మురుగు పోయే దానికి మందంగా ఉండే 'బీ' (B) రకమే వేయించండి.

పెరట్లో, మన నేలలో

ఇక్కడిది మెట్ట కాదు, గోదావరి డెల్టా. నల్లమట్టి వానకి ఉబ్బి, వేసవిలో కాలువలు కట్టేశాక ఎండి పగుళ్ళిస్తుంది, దాంతో పాటు లోపలి పైపు కూడా లేచి దిగుతుంది. మధ్యలో పైపు కుంగితే అక్కడ మురుగు నిలుస్తుంది, జాయింటు ఊడితే కంపు నేలలోంచి పునాది పక్కగా పైకి వస్తుంది. పైపు వేయించేటప్పుడు కింద ఇసుక పరిపించి, నాలుగంగుళాల పైపుకి పది అడుగులకి మూడంగుళాల వాలు ఇప్పించండి. కొబ్బరి చెట్టు పక్క నుంచి లైను తీసుకెళ్ళకండి, దాని వేర్లు సన్నగా దారాల్లా ఉండి తడి తగిలిన ప్రతి జాయింటులోకీ దూరుతాయి. చాంబరు మూత తెరిచినప్పుడు లోపల ఎర్రటి వేర్ల కుచ్చు కనిపిస్తే ఆ జాయింటు తవ్వి మార్చాల్సిందే, కోస్తే మళ్ళీ వస్తుంది.

వానాకాలంలో మన వైపు నేలలో నీళ్ళు అడుగు రెండడుగుల్లోనే తగులుతాయి. అప్పుడు వరలు దింపిన ఇంకుడు గొయ్యి ఇంకదు, సెప్టిక్ ట్యాంకు నిండుగా ఉంటుంది, ఫ్లష్ నెమ్మదిస్తుంది, కంపు ఇంట్లోకి తిరుగుతుంది. వెంటనే బండిని పిలిచి ట్యాంకు మొత్తం తోడించేయాలనిపిస్తుంది. అలా చేయకండి. చుట్టూ నీళ్ళున్నప్పుడు ఖాళీ ట్యాంకు పడవలా పైకి లేస్తుంది, ముఖ్యంగా ప్లాస్టిక్ ట్యాంకులు, ఇటుక గోడలైతే లోపలికి నెట్టుకొస్తాయి. రెండు మూడేళ్ళకోసారి వేసవిలో, నేలలో నీళ్ళు దిగినప్పుడు తోడించుకోవాలి. లంకల్లో, పల్లపు ఊళ్ళల్లో ఇల్లున్నవాళ్ళు ఇంటికీ ట్యాంకుకీ మధ్య చాంబరులో ఒక నాన్ రిటర్న్ వాల్వు పెట్టించుకోండి. 2022 జూలైలో గోదావరికి వచ్చినలాంటి వరద మళ్ళీ వస్తే ట్యాంకులోది వెనక్కి తన్ని గదుల్లోకి రాకుండా అది చాలావరకు అడ్డుకుంటుంది.

ట్యాంకులోకి మనిషిని మాత్రం దించకండి. ఎంత అనుభవం ఉన్నవాళ్ళు "ఏం పర్లేదండి, రెండు నిమిషాల పని" అన్నా వద్దనండి. హైడ్రోజన్ సల్ఫైడ్ పది లక్షల పాళ్ళలో వంద పాళ్ళు దాటితే ముక్కుకి వాసన తెలియడమే ఆగిపోతుంది, కంపు పోయిందనుకుని దిగినవాడు అక్కడే పడిపోతాడు, అతన్ని లాగబోయినవాడూ పడిపోతాడు. రక్షణ లేకుండా మనిషిని దించి సెప్టిక్ ట్యాంకు శుభ్రం చేయించడం 2013 చట్టం ప్రకారం నేరం కూడా. పైపు వేసి తోడే బండి వాళ్ళనే పిలవండి, మూత తెరిచినప్పుడు పిల్లల్ని దూరంగా ఉంచండి.

తాళం వేసి వెళ్ళేటప్పుడు

పండగ అయ్యాక అత్తయ్య మళ్ళీ హైదరాబాదు బయల్దేరిన రోజు చేసిన పనులివి. ప్రతి తూములో, సింకులో, బేసిన్‌లో నీళ్ళు పోసి నింపాం. వాటి మీద మందుల షాపులో దొరికే లిక్విడ్ పారాఫిన్ రెండేసి చెంచాలు వేశాం, ఆ నూనె పొర నీళ్ళు ఆవిరి కాకుండా కప్పి ఉంచుతుంది. చేతికి అందేది కొబ్బరినూనె అయినా అది వద్దన్నాను, చలికి గడ్డకడుతుంది, కొన్నాళ్ళకి కనరు వాసన వస్తుంది. కమోడ్ మూత వేసి, జాలీల మీద పాలిథీన్ కాగితం పరిచి ఇసుక మూటలు పెట్టాం. నెలకోసారి వచ్చి కొబ్బరికాయ దింపించే అబ్బాయికి పెరటి తాళం ఇచ్చి, ఒక్కో తూములో ఒక చెంబుడు నీళ్ళు పోయమని చెప్పాం.

మొన్న ఫోన్ చేసి, "తూముల్లో నీళ్ళున్నాయా బాబూ?" అని అత్తయ్య అడిగితే, "ఆయ్, పుల్ల పెట్టి చూశానండి, రెండంగుళాల పైనే ఉన్నాయండి" అన్నాడట.